చెమట ఎవరిది, గింజ ఎవరిది

సొంతమైతే తప్ప మనిషి ఒళ్లొంచి పని చేయడని మనలో చాలామందికి గట్టి నమ్మకం. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత కూడా ఉంది. నాదీ నీదీ అన్నది పోయి అన్నీ అందరివీ అయితేనే న్యాయం నిలబడుతుందని అంతే గట్టిగా నమ్మేవాళ్లూ ఉన్నారు. ఈ తగవులో తరచూ సాక్ష్యానికి పిలిచే ఊరు ఒకటుంది. సొంత ఆస్తికి ఉన్న బలమేమిటో ఆ ఊరిని చూసి తెలుసుకోండి అంటారు. నా లెక్కలో ఆ సాక్ష్యంలో కాస్త మెలిక ఉంది. ఎందుకంటే అక్కడ ప్రాణాలకు తెగించి కష్టపడిన రైతులకు ఆ నేల అప్పుడు సొంతం కాదు. ఇప్పటికీ కాదు.

ఊరి పేరు షియావోగాంగ్. చైనా తూర్పు భాగంలోని అన్హుయి రాష్ట్రం, ఫెంగ్‌యాంగ్ జిల్లా. మింగ్ వంశాన్ని నిలబెట్టిన చక్రవర్తి పుట్టిన జిల్లా అది. అయినా ఆ జిల్లాకు చక్రవర్తి వల్ల వచ్చిన పేరు తక్కువ, ముష్టి వల్ల వచ్చిన పేరు ఎక్కువ. పంట పోయిన ఏడాది చిన్న డోలు వాయించుకుంటూ, పాటలు పాడుకుంటూ ఊరూరా అడుక్కోవడం అక్కడివాళ్లకు తరాలనాటి అలవాటు.

1950లలో అక్కడి పొలాలు ముందు సహకార సంఘాల్లో కలిశాయి. 1958లో ఆ సంఘాలన్నీ కమ్యూన్లయ్యాయి. కమ్యూన్ అంటే ఒక ఊరు కాదు, వేల కుటుంబాలు. భూమే కాదు, పొయ్యి కూడా ఉమ్మడిదే. ఇళ్లలో వంట మాని అందరూ ఉమ్మడి భోజనశాలకు వెళ్లాలి. తర్వాత మూడేళ్లు వచ్చిన కరువులో చైనాలో కోట్లమంది చనిపోయారు. ఆ దెబ్బతో ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గి, ఇరవై ముప్పై ఇళ్లను ఒక దళంగా చేసి, పనీ పంపకమూ ఆ దళానికి వదిలింది. కానీ పొలం మాత్రం ఎవరికీ విడిగా లేదు.

ఆ దళంలో రోజు ఎలా గడిచేదో చూడండి. పొద్దున్నే దళనాయకుడు ఈల ఊదుతాడు. జనం పోగవుతారు. ఎవరు ఎక్కడికి పోవాలో అతను చెబుతాడు. సాయంత్రానికి ఒక్కొక్కరి పేరున పాయింట్లు రాస్తారు. బలమైన మగవాడికి పది. ఆడవాళ్లకు అంతకంటే తక్కువ, నాట్లలో నడుం వాళ్లదే ఎక్కువ విరిగినా సరే. ఏడాది చివర ప్రభుత్వానికి ఇవ్వాల్సింది ఇచ్చి, దళానికి ఉంచాల్సింది ఉంచి, మిగిలినదాన్ని పాయింట్ల లెక్కన పంచుతారు.

ఇందులో అన్యాయం ఏముంది అనిపిస్తుంది. చేసినవాడికి చేసినంత. కానీ పాయింట్లు పడేది పొలంలో గడిపిన రోజుకి. ఆ రోజు ఏం చేశాడన్నది ఎవరు చూడొచ్చారు? ఇరవై ఇళ్ల దళంలో నేను ఒక పూట ఎక్కువ వంగి కలుపు తీశాననుకోండి. దానివల్ల ఒక బస్తా ఎక్కువ పండినా నా ఇంటికి చేరేది అందులో ఇరవయ్యో వంతు. గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నాననుకోండి, నాకు పోయేదీ ఇరవయ్యో వంతే. పక్కవాడి లెక్కా ఇదే. వాడు సోమరి కాదు, నేనూ కాదు. ఇద్దరికీ లెక్కలు వచ్చు, అంతే.

కర్మాగారంలో అయితే బోల్టు బిగించాడో లేదో అక్కడికక్కడే చూడొచ్చు. పొలంలో కుదరదు. ఇది మన దగ్గర నాట్లు వేయించిన ప్రతి రైతుకూ తెలిసిన సంగతి. రోజు కూలికి పిలిస్తే ముఠా తాపీగా నాటుతుంది, పొద్దు వాలేదాకా ఎకరం తెమలదు. అదే ముఠాకి ఎకరానికి ఇంతని గుత్తకు ఇవ్వండి. చీకటితోనే దిగి మధ్యాహ్నానికల్లా ముగించి ఇంకో చేలోకి పోతారు. మీరు గట్టున లేకపోతే మాత్రం కుదురుకీ కుదురుకీ మధ్య ఎడం పెరిగిపోతుంది. ఆ ఎడం నాటిన రోజు కనబడదు, పిలకలేసే రోజుల్లో చేను పలచగా నిలబడ్డప్పుడు తెలుస్తుంది. అప్పటికి కూలి డబ్బులు ఇచ్చేసి ఉంటారు. కూలి లెక్కలో వేగం పోతుంది, గుత్తలో నాణ్యం పోతుంది. రెండూ కలిసి వచ్చేది పంట ఇంటికి తీసుకెళ్లేవాడే నాటినప్పుడు. ఇందులో ఎవరి బుద్ధినీ తప్పు పట్టడానికి లేదు. వ్యవసాయంలో పని ఒక రోజు జరుగుతుంది, ఫలితం నాలుగు నెలలకు కనిపిస్తుంది. ఆ నాలుగు నెలలూ కాపలా కాసే నాయకుడు ఏ దళానికీ దొరకడు.

మళ్లీ షియావోగాంగ్ వెళదాం. 1978లో అన్హుయిలో పెద్ద వర్షాభావం. ఊళ్లో ఉన్నవి ఇరవై ఇళ్లు. ఆ చలికాలం ఒక రాత్రి, ఊళ్లో మిగిలి ఉన్న 18 కుటుంబాల పెద్దలు ఒక మట్టింట్లో చేరారు. మిగతా రెండు కుటుంబాలవాళ్లు అడుక్కోవడానికి పోయి ఊళ్లో లేరు. యెన్ హోంగ్‌చాంగ్ అనే రైతు కాగితం రాశాడు. పొలాన్ని ఇళ్లవారీగా పంచుకుందాం, ప్రభుత్వానికి ఇవ్వాల్సిన ధాన్యం ఎవరి వాటా వాళ్లు ఇద్దాం, ఇక ప్రభుత్వాన్ని తిండికీ డబ్బుకీ చెయ్యి చాచి అడగొద్దు. ఇదీ అందులో విషయం. ఇంకో షరతు ఉంది. ఈ పనికి దళ నాయకులను జైల్లో పెట్టినా, తలలే తీసినా, వాళ్ల పిల్లలకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా మిగిలినవాళ్లంతా కలిసి పెంచాలి. పేర్ల దగ్గర వేలిముద్రలు వేశారు.

ఈ షరతు దగ్గర నేను కాస్త ఆగుతాను. ఉమ్మడి సేద్యాన్ని కాదని ఎవరి చెక్క వాళ్లు పంచుకుంటున్న రాత్రి అది. ఆ రాత్రి వాళ్లు రాసుకున్న మాటల్లో బరువైనది ఒకరి పిల్లల్ని ఇంకొకరు సాకుతామన్నది. పొలం దగ్గర ఒకరినొకరు నమ్మని మనుషులు పిల్లల దగ్గర నమ్మారు. మనిషి స్వార్థపరుడా, పరోపకారా అని పుస్తకాలు రాసేవాళ్లకు ఈ కాగితం ఇబ్బంది పెడుతుంది. బీజింగ్‌లోని జాతీయ మ్యూజియంలో పెట్టింది ఆనాటి అసలు కాగితమేనా అని చరిత్రకారుల్లో వాదన ఉంది. పొలం పంచుకున్న మాట మీద మాత్రం వాదన లేదు.

మర్నాటి నుంచి ఈల ఊదేవాడు లేడు. 1979లో ఊళ్లో పండిన గింజలు దాదాపు 66 టన్నులు. అంతకుముందు 1966 నుంచి 1970 దాకా అయిదేళ్లూ కలిపి పండినంత ఆ ఒక్క ఏడాదిలో వచ్చింది. ముందటేడు వానలు లేవు కాబట్టి పెరుగుదల అలా కనిపించిందని అనొచ్చు. అయిదేళ్ల మొత్తంతో పోల్చినప్పుడు ఆ మాట నిలవదు. ఇన్నేళ్లూ ప్రభుత్వం దగ్గర తిండిగింజలు తెచ్చుకున్న ఊరు ఆ ఏడు ప్రభుత్వానికే ధాన్యం కొలిచింది.

సంగతి దాగలేదు. పక్క ఊళ్లవాళ్ల గుసగుసలు జిల్లాకి పాకాయి. అదృష్టం ఏమిటంటే అప్పటి అన్హుయి పార్టీ కార్యదర్శి వాన్ లీ కళ్లు మూసుకోకుండా పంట చూశాడు, చూసి ఊరుకున్నాడు. అలా ఊరుకోవడమే ఆ రోజుల్లో పెద్ద సాహసం. 1980లో అప్పటి చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ ఈ పద్ధతిని మెచ్చుకున్నాడు. 1982లో పార్టీ పత్రం దాన్ని ఒప్పుకుంది. మరో రెండేళ్లకు చైనా పల్లెల్లో దాదాపు అన్ని దళాలూ పొలాలను ఇళ్లకు పంచేశాయి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మెలిక దగ్గరికి వద్దాం. ఆ రైతులకు వచ్చింది పట్టా కాదు. పల్లెలోని భూమి ఊరి సమష్టిదేనని చైనా రాజ్యాంగం ఈ రోజుకీ చెబుతోంది. రైతు అమ్మలేడు. అతనికి వచ్చింది వేరు. ప్రభుత్వానికి ఇంత, ఊరికి ఇంత అని ముందే ఖాయమైపోయింది. అది కొలిచాక మిగిలిన ప్రతి గింజా ఇంటిది. నిన్నటిదాకా అదనంగా తీసిన కలుపుకి ఇరవయ్యో వంతు వచ్చేది, ఈ రోజు మొత్తం వస్తోంది. నేల మారలేదు, మనుషులు మారలేదు, వాళ్ల నడుములు మారలేదు.

అయితే ఒక్క ఏడాది మిగులు మీద హక్కు వస్తే సరిపోదని చైనా ప్రభుత్వానికి త్వరలోనే తెలిసింది. వచ్చే ఏడు ఈ చెక్క నాకే ఉంటుందో లేదో తెలియని రైతు ఈ ఏడు పంట పిండుకుంటాడు, నేలను పట్టించుకోడు. అందుకే 1984లో కౌలు గడువు పదిహేనేళ్లన్నారు. 1993లో ముప్ఫై ఏళ్లన్నారు. ఇప్పుడు ఇంకో ముప్ఫై ఏళ్లు పొడిగిస్తున్నారు. నోటితో సమష్టి ఆస్తి అంటూనే కాలాన్ని పెంచుతూ పోయారు. ఆస్తి అనే పేరు లేకుండా ఆస్తికి ఉండే ధైర్యాన్ని ఇవ్వడానికి వాళ్లు తొక్కిన దారి అది.

ఒక్క ఈ మార్పుతోనే చైనా అన్నం తిందని చెబితే అది అతిశయోక్తి. 1979లోనే ప్రభుత్వం ధాన్యం కొనుగోలు ధరలు బాగా పెంచింది. అంతకుముందే విదేశాల నుంచి కొన్న యూరియా కర్మాగారాలు పనిలోకి వచ్చాయి. యువాన్ లాంగ్‌పింగ్ తయారుచేసిన సంకర వరి విత్తనం పొలాల్లోకి వచ్చింది. జస్టిన్ యీఫూ లిన్ అనే ఆర్థికవేత్త ఇవన్నీ విడదీసి లెక్కగట్టి, 1978 నుంచి 1984 దాకా పెరిగిన పంటలో సుమారు సగం ఈ ఇంటి సేద్యం వల్ల వచ్చిందన్నాడు. మిగతా సగం ధరలది, ఎరువుది, విత్తనానిది. ఇంకో సంగతి, ఆ ఎరువు వేసిన పొలాలకు నీళ్లిచ్చిన కాలువలు చాలావరకు కమ్యూన్ల కాలంలో వేలమంది పారలు పట్టి తవ్వినవి. పొలాలు విడిపోయాక ఆ కాలువల్లో పూడిక తీసేవాళ్లు కరువయ్యారు. పల్లె వైద్యం నడిపిన ఉమ్మడి నిధులు ఎండిపోయాయి. ఉమ్మడిగా నడవాల్సినవి కొన్ని ఉమ్మడి సేద్యంతో పాటే కొట్టుకుపోయాయి.

ఆ లిన్ గారే ఇంకో మాటన్నాడు, నాకు అదే ఎక్కువ నచ్చింది. 1950లలో సహకార సంఘాలుగా ఉన్నన్నాళ్లూ చైనాలో పంట పెరుగుతూనే ఉంది. ఎందుకంటే అప్పుడు నచ్చనివాడు తన పొలం తాను తీసుకుని బయటికి పోవచ్చు. వాడు పోతాడన్న భయంతో మిగిలినవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశారు. 1958లో ఆ తలుపు మూసేశారు. అప్పటినుంచి కష్టపడేవాడికి వెళ్లే దారి లేదు, ఎగ్గొట్టేవాడికి భయం లేదు. ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్‌లనే ఉమ్మడి పల్లెలు ఇష్టపడి చేరినవాళ్లవి కాబట్టే దశాబ్దాలు నడిచాయి. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. 1980లలో అప్పుల్లో పడ్డాక అందులోంచే చాలామంది పిల్లలు వెళ్లిపోయారు, ఇప్పుడు ఎక్కువ కిబ్బుట్జ్‌ల్లో ఎవరి జీతం వాళ్లది.

ఈ గొడవ మన దేశానికీ వచ్చింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యం చేయాలని తీర్మానించింది. రైతుకు భూమి మీద హక్కు ఉంటుంది, సేద్యం మాత్రం అందరూ కలిసి చేస్తారు, భూమి ఉన్నవాడికి దాని వాటా, పని చేసినవాడికి పని వాటా. నెహ్రూగారికి ఇది చాలా ఇష్టమైన ఆలోచన. దీన్ని గట్టిగా ఎదిరించినవాళ్లలో మన గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆచార్య ఎన్.జి. రంగా ఒకరు. కాంగ్రెస్ వదిలి, అదే ఏడు రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి తొలి అధ్యక్షుడయ్యారు. జమీందార్ల మీద రైతుల్ని కూడగట్టిన మనిషి, 1936లో అఖిల భారత కిసాన్ సభ ప్రధాన కార్యదర్శి, ఇలా ఎదురు తిరగడమేమిటని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆయన దృష్టిలో ఇందులో వింత లేదు. జమీందారు నుంచి రైతుని విడిపించింది మళ్లీ సంఘం గుమాస్తాకి అప్పగించడానికి కాదన్నది ఆయన వాదన.

ఆ వాదనలో నాకో వెలితి కనిపిస్తుంది. రంగాగారి రైతుకి పొలం ఉంది. ఆ పొలంలో ఎండకు నాటేవాళ్లకు లేదు. సొంతమైతేనే కష్టపడతాడన్న సూత్రం నిజమే అనుకుందాం, అప్పుడు సెంటు భూమి లేని కూలీ ఎందుకు కష్టపడుతున్నాడో చెప్పాలి. ఆకలి వల్ల అని జవాబు. అది ప్రోత్సాహం అయితే దళనాయకుడి ఈల కూడా ప్రోత్సాహమే.

ఏమైతేనేం, ఉమ్మడి సేద్యం మన దేశంలో ఊపందుకోలేదు. డేనియల్ థార్నర్ అనే ఆర్థికవేత్త ఊరూరా తిరిగి చూస్తే, పేరుకు సహకార సంఘాలైన వాటిలో చాలావరకు ఉన్నవి భూస్వాముల పేర్లు, వాళ్ల కుటుంబసభ్యుల పేర్లు, పొలంలో మాత్రం కూలీలు. దీనికి భిన్నంగా నిలబడింది ముల్కనూరు. ఇప్పటి హనుమకొండ జిల్లాలో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు పెట్టిన సహకార సంఘం అది. అక్కడ ఎవరి పొలం వాళ్లదే, ఎవరి కలుపు వాళ్లే తీసుకుంటారు. అప్పు, ఎరువు, విత్తనం, ధాన్యం అమ్మకం సంఘం చూసుకుంటుంది. పనికి కాపలా పెట్టలేని చోట సంఘం వేలు పెట్టలేదు. బేరానికి బలం కావాల్సిన చోట పెట్టింది. దుకాణంలో లెక్క పుస్తకం ఎవరైనా చూడొచ్చు, చేనులో వంగిన నడుం లెక్క ఎవరికీ అందదు. ఈ తేడా తెలిసి గీత గీసినందుకే ఆ సంఘం ఇన్నేళ్లు నిలిచిందని నా అభిప్రాయం.

యాదృచ్ఛికమే గానీ చెప్పకుండా ఉండలేను. షియావోగాంగ్ రైతులు వేలిముద్రలు వేసిన 1978లోనే మన పార్లమెంటు 44వ రాజ్యాంగ సవరణ చేసి ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. ఇప్పుడది రాజ్యాంగంలో ఉన్న హక్కే గానీ ప్రాథమిక హక్కు కాదు. దానివల్ల మన రైతు కష్టపడడం తగ్గిందా? తగ్గలేదు. పట్టా మీద ధీమా ఎక్కడికీ పోలేదు.

మన దగ్గర ఇబ్బంది ఇంకోచోట ఉంది. పట్టా ఒకరి దగ్గర, నాగలి ఇంకొకరి దగ్గర. డెల్టాలో ఊళ్లకు ఊళ్లు కౌలు సేద్యమే. పొలం ఆసామి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. కౌలుదారు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకుంటాడు. ఒక రకంగా ఇది షియావోగాంగ్ ఒప్పందమే, ఖాయమైన వాటా ఇచ్చేస్తే మిగిలింది తనది. మరి ఇతను కష్టపడడా? పడతాడు, మిగులు కోసం రాత్రీ పగలూ పడతాడు. కానీ ఆ కష్టం ఆ ఒక్క పంటకే. అతన్ని పొలానికి చెరువు మట్టి తోలమనండి. ట్రాక్టరు అద్దె, డీజిలు, కూలి అంతా ఈ వేసవిలో అతని జేబులోంచి పోతుంది. మట్టి బలం మాత్రం మూడు నాలుగేళ్లు పంటకి అందుతుంది. వచ్చే ఏడు ఈ పొలం తనదో, రెండు బస్తాలు ఎక్కువిస్తానన్న పక్కింటివాడిదో అతనికి తెలియదు. అందుకే చెరువు మట్టి తోలడు. జనుము చల్లి కలియదున్నడు. యూరియా బస్తా వేస్తాడు, దాని ఫలితం ఈ పంటలోనే చేతికొస్తుంది మరి. నేల చప్పబడిపోతోందని ఉపన్యాసాలిచ్చేవాళ్లు అతని లెక్క ఒకసారి వేసి చూడాలి.

ఆసామి మాత్రం నాలుగేళ్లకు ఎందుకు రాసివ్వడు? అతనికీ భయం ఉంది, ఉత్తుత్తి భయం కాదు. కోస్తాలో 1956 కౌలుదారీ చట్టం, తెలంగాణలో 1950 చట్టం కౌలుదారుకు గట్టి రక్షణ కల్పించాయి. తెలంగాణలో రక్షిత కౌలుదార్లలో కొందరు ఆ చట్టం కిందే యజమానులయ్యారు. దున్నేవాడికి న్యాయం చేయడానికి వచ్చిన ఆ చట్టాలు ఆ రోజుకి మేలే చేశాయి. తర్వాతి తరం ఆసాములు మాత్రం వాటినుంచి ఒకటే నేర్చుకున్నారు, కాగితం రాయకూడదు, ఒకే మనిషికి వరుసగా ఇవ్వకూడదు. అలా కౌలు నోటిమాటలోకి వెళ్లిపోయింది. కాగితం లేనివాడికి బ్యాంకు అప్పు లేదు, పంట పోతే పరిహారం దక్కడం కష్టం. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు ఎకరానికి సీజనుకి నాలుగు వేలతో వచ్చింది, పట్టాదారు ఖాతాలోకే వచ్చింది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఆరువేలూ భూమి పేరున ఉన్న కుటుంబానికే. పని చేసేవాడికి ఊతమివ్వాలని డబ్బు పంచి, పని చేయనివాడికి చేర్చిన తీరు ఇది.

ఆంధ్రప్రదేశ్ 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులన్నది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద రాసుకునే ఒప్పందం గడువు పదకొండు నెలలు, దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వనంటాడేమోనని కౌలుదారే అడగడానికి జంకుతాడు. చైనావాళ్లు పదిహేను, ముప్ఫై అని ఏళ్లు పెంచుకుంటూ పోతుంటే మనం నెలల్లో కొలుస్తున్నాం.

2016లో నీతి ఆయోగ్ కోసం టి. హక్ అధ్యక్షతన ఉన్న నిపుణుల సంఘం ఒక నమూనా కౌలు చట్టం రాసింది. అందులో నాకు నచ్చిన అంశాలు రెండు. ఎన్నేళ్లు కౌలుకిచ్చినా ఆసామి హక్కుకు భంగం రాదని మొదటే స్పష్టంగా రాశారు. రెండోది, కౌలు ముగిసేనాటికి రైతు నేల మీద పెట్టిన పెట్టుబడిలో ఇంకా ఫలితం మిగిలి ఉంటే దానికి విలువ కట్టి అతనికి చెల్లించాలి. అంటే రెండో ఏట పొలం చెయ్యి మారితే, మిగిలిన ఏళ్ల చెరువు మట్టికి డబ్బు ముట్టాలన్నమాట. భూమి రాష్ట్రాల పరిధిలోని విషయం కాబట్టి ఆ చట్టాన్ని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చేసుకోవాలి. విలువ కట్టేదెవరు, తగువొస్తే తీర్చేదెవరు అన్నవి ఊరి స్థాయిలో తేల్చాల్సిన పనులు, వాటికి కొంత తలనొప్పి తప్పదు. ఆ తలనొప్పి పడటానికి సిద్ధపడితే, కౌలుదారు ఈ వేసవిలో ట్రాక్టరు మాట్లాడుకుంటాడు.